మూసిన పెట్టెలో ఫొటో: రువాండా మీద ఆల్‌ఫ్రెడో జార్ పని, అదే పద్ధతి నేను చేసి చూస్తే తెలిసినవి

1995లో షికాగోలోని మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఫొటోగ్రఫీలో ఒక ప్రదర్శన పెట్టారు. ఫొటోల మ్యూజియం, ఫొటోల ప్రదర్శన, పేరు కూడా ‘రియల్ పిక్చర్స్’. లోపలికి వెళ్తే గోడ మీద ఒక్క ఫొటో లేదు. మసక వెలుతురులో నేల మీద నల్లటి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, ఒకచోట అరుగులా, ఒకచోట దిమ్మెలా, ఇంకోచోట సమాధిలా. పాత ఫొటోలు పాడవకుండా మ్యూజియం వాళ్లు దాచిపెట్టే పెట్టెలే అవి, పైన నల్ల గుడ్డ అంటించినవి. ప్రతి పెట్టెలో ఒక కలర్ ఫొటో ఉంది. మూత మీద తెల్లటి చిన్న అక్షరాల్లో, లోపలి ఫొటోలో ఏం కనబడుతుందో రాసి ఉంది. మూత తీయడానికి లేదు. చదువుకోవడమే.

ఆ ఫొటోలు ఆఫ్రికాలోని రువాండా దేశానివి. తీసినవాడు ఆల్‌ఫ్రెడో జార్. 1956లో చిలీలో పుట్టి, ఆర్కిటెక్చరూ సినిమా చదివి, పినోచే సైనిక పాలన కింద కొన్నేళ్లు బతికి, 1982లో న్యూయార్క్ చేరాడు. 1994 నుంచి 2000 దాకా రువాండా జాతి సంహారం మీదే ఒకదాని తర్వాత ఒకటి పనులు చేస్తూ పోయాడు. వాటన్నిటినీ కలిపి ‘రువాండా ప్రాజెక్ట్’ అంటారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పదహారేళ్లు పేపర్లలో ఫొటోగ్రాఫర్‌గా చేశాను, ఎక్కువ కాలం వరంగల్ వైపు జిల్లా ఎడిషన్‌లో. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్లు కడుతూ, ఫైన్ ఆర్ట్స్ పిల్లలకు ఫొటోగ్రఫీ చెబుతున్నాను. శవాలనూ, శవాల పక్కన ఏడుస్తున్న మనుషులనూ ఎన్నిసార్లు ఫొటో తీశానో నాకే లెక్క లేదు. జార్ పని గురించి మొదట విన్నప్పుడు కోపం వచ్చింది. ఫొటో తీసి దాచడమేంటి, దాచేవాడివి తీయడం ఎందుకు అనిపించింది. ఆ కోపం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది, మొత్తం పోలేదు కూడా. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను.

ముందు రువాండా గురించి కొంచెం. 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యరిమానా ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చేశారు. ఆ మరుసటి దినం నుంచి దాదాపు 100 రోజుల్లో 8 లక్షల నుంచి 10 లక్షల మందిని చంపేశారు. ఎక్కువమంది అక్కడ తక్కువ సంఖ్యలో ఉన్న టుట్సీ తెగవాళ్లు, ఈ చంపుడుకు ఒప్పుకోని హుటూలు, అంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న తెగవాళ్లు, కూడా ఉన్నారు. చంపింది చాలాచోట్ల ఇరుగుపొరుగు వాళ్లే, చేతిలో కొడవలి లాంటి పెద్ద కత్తులతో, ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో పగలూ రాత్రీ ఉసిగొల్పుతుంటే. అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి సైనికులు ఉన్నారు. ఏప్రిల్ 21న భద్రతామండలి ఆ సైన్యాన్ని 270 మందికి తగ్గించేయాలని తీర్మానించింది. అమెరికా అధికారులు వారాల తరబడి ‘జాతి సంహారం’ అనే మాట నేరుగా అనకుండా తప్పించుకుంటూ మాట్లాడారు, ఆ మాట అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని.

బొమ్మలు లేక జరిగింది కాదు ఇది. నదిలో కొట్టుకొచ్చే శవాలను టీవీల్లో చూపించారు. జనం చూశారు. చూసి ఛానెల్ మార్చారు. జార్ ఆగస్టులో అక్కడికి వెళ్లి వేలల్లో ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చాక చిక్కుకున్నది ఇక్కడే. ఇన్ని బొమ్మలు చూసి కదలని మనిషి ఇంకో మూడు వేలు చూస్తే కదులుతాడా?

అందుకే ఆయన మొదటి పనుల్లో శవం లేదు. రాజధాని కిగాలీలో టూరిస్టుల కోసం అచ్చేసిన పోస్టుకార్డులు దొరికాయి, జంతువులూ కొండలూ ఉన్నవి. తాను కలిసిన బతికి బయటపడ్డవాళ్ల పేర్లు ఒక్కోటి ఒక్కో కార్డు మీద రాసి, పక్కన ‘ఇంకా బతికే ఉన్నాడు’, ‘ఇంకా బతికే ఉంది’ అని మాత్రం రాసి, తెలిసినవాళ్లందరికీ పంపాడు. ఇంకో పని స్వీడన్‌లోని మాల్మో నగరంలో. వీధుల్లో ప్రకటనలు పెట్టే లైటు బాక్సుల్లో బొమ్మ ఏమీ లేకుండా ‘రువాండా రువాండా రువాండా’ అని పేరు ఒక్కటే పెట్టాడు. సబ్బుల ప్రకటనలు ఉండాల్సిన చోట ఒక దేశం పేరు పిలిచినట్టు.

మూడోది పేపర్‌వాళ్లందరూ చూడాలి. 1994 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వచ్చిన న్యూస్‌వీక్ పత్రిక ముఖచిత్రాలు 17 వరసగా పెట్టి, ఒక్కోదాని కింద ఆ వారం రువాండాలో ఏం జరిగిందో రాశాడు. ఒక వారం రాక్ గాయకుడు కర్ట్ కోబెయిన్ ఆత్మహత్య, ఒక వారం ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద హత్య కేసు. కింద చనిపోయినవాళ్ల లెక్క పెరుగుతూ పోతుంటుంది. రువాండా ముఖచిత్రం ఎక్కింది ఆగస్టు 1 సంచికలో, చంపడం అయిపోయాక. ఆ వరస చూస్తుంటే నాకు డెస్కులో సాయంత్రం ఏడింటి మీటింగ్ గుర్తొస్తుంది. ఏ ఫొటో మొదటి పేజీకి, ఏది లోపలికి, ఏది అసలు వద్దు అని రెండు నిమిషాల్లో తేల్చేసే మీటింగ్. నేనూ ఆ బల్ల దగ్గర నిలబడ్డవాణ్నే.

పెట్టెల దగ్గరికి వస్తాను, ఈ కేసుకు గుండెకాయ అదే.

జార్ తన ఫొటోల్లోంచి 60 ఎంచుకున్నాడు. వాటి ప్రింట్లే వందల పెట్టెల్లో ఉన్నాయి, ఒకే ఫొటో మళ్లీ మళ్లీ. చర్చి, శరణార్థి శిబిరాలు, సరిహద్దు దగ్గర వంతెన, ఇలా ఒక్కో చోటుకు ఒక్కో పేర్పు. మూత మీద రాత ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. కిగాలీకి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో ఎన్టరామా చర్చి, 1994 ఆగస్టు 29, సోమవారం. చర్చి గుమ్మంలో ఒక యాభై ఏళ్ల మనిషి శవాల మధ్య వొంగి కూర్చుని ఉన్నాడు, కెమెరాలోకి సూటిగా చూస్తున్నాడు. అక్కడ తలదాచుకోవడానికి వచ్చిన 400 మందిని ఆదివారం ప్రార్థన జరుగుతుండగా చంపేశారని రాసి ఉంది. తనను ఆ శవాల మధ్య ఫొటో తీయమని అతనే అడిగాడు. ఉగాండాలో ఉన్న స్నేహితులకు ఇది నిజంగా జరిగిందనీ, జరిగిపోయాక మిగిలింది తాను కళ్లారా చూశాననీ రుజువు చూపించడానికి.

మూత మీద ఇదంతా ఉంది, ఆ మనిషి పేరుతో సహా.

ఎగ్జిబిషన్ కట్టేవాడిగా చూస్తే ఇందులో పనితనం ఎక్కడుందో తెలుస్తుంది. చోటు, దూరం, వారం, తేదీ, వయసు, ఒళ్లు ఏ భంగిమలో ఉంది, చూపు ఎటుంది. ‘దారుణం’, ‘ఘోరం’ అని రాసేవాడు ముందే మన బదులు బాధపడి పెట్టడు. రెండోది చదివేవాడి ఒళ్లు. పెట్టె నేల మీద, అక్షరం చిన్నది, వెలుతురు తక్కువ. తల వంచాలి, దగ్గరికి పోవాలి, ఒక్కోసారి మోకాలు మడవాలి. సమాధి రాయి మీద పేరు చదివేటప్పుడు మనిషి ఎలా నిలబడతాడో అలాగే నిలబడతాడు, ఎవరూ చెప్పకుండానే. మూడోది, మూత కింద ఫొటో నిజంగా ఉంది. ఖాళీ పెట్టె మీద కథ రాస్తే అది వేరే పని. వేలెడు దూరంలో సాక్ష్యం ఉంది, అయినా మన కంటికి ఇవ్వరు. అప్పుడు బుర్ర ఊరుకోదు, బొమ్మ తానే గీసుకుంటుంది, అలా గీసుకున్న బొమ్మను పేజీ తిప్పి వదిలించుకోలేం.

తర్వాతి ఏడాది, 1996లో, అదే చర్చి దగ్గర కలిసిన ఒక స్త్రీ మీద ఇంకో పని చేశాడు: ‘ది ఐస్ ఆఫ్ గుటేటే ఎమెరిటా’. పక్కపక్కన రెండు లైటు బాక్సులు. ముందు తెల్ల అక్షరాలు వస్తాయి, 45 సెకన్లు ఉంటాయి. ఆమె ఎవరు, చర్చిలో ఆమె కళ్లముందు ఎవరిని చంపారు, కూతురితో ఎలా తప్పించుకుంది, మూడు వారాలు బురద మడుగులో ఎలా దాక్కుంది. తర్వాత 30 సెకన్ల రాత: వేరే దిక్కు లేక మళ్లీ ఆ చర్చి దగ్గరికే వచ్చింది. తర్వాత 15 సెకన్లు: ఆమె కళ్లు నాకు గుర్తున్నాయి అని. ఆ తర్వాత ఒక బాక్సులో ఒక కన్ను, ఇంకో బాక్సులో ఇంకో కన్ను, కన్నుమూసి తెరిచేంతలో వచ్చి పోతాయి. మళ్లీ మొదటి నుంచి.

నిమిషన్నర చదివించి, రెప్పపాటు చూపిస్తాడు. మా పేపర్లలో లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది, ఫొటో అర పేజీ, పేరు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు.

1997లో చేసినదాంట్లో ఒక పిల్లాడి కళ్లు, ‘ది సైలెన్స్ ఆఫ్ ఎన్దువయేజు’. అమ్మానాన్నలను చంపుతుంటే చూసి నాలుగు వారాలు మాట పడిపోయిన ఐదేళ్ల పిల్లాడు. పెద్ద లైట్ టేబుల్ (అడుగున వెలుతురు ఉండే బల్ల) మీద 10 లక్షల స్లైడ్లు గుట్టగా పోసి ఉంటాయి, చూడ్డానికి చిన్న భూతద్దాల్లాంటి లూప్‌లు పక్కనే. ఒక స్లైడ్ తీసి లూప్ కింద పెడితే రెండు కళ్లు. ఇంకోటి తీస్తే అవే కళ్లు. ఎన్ని తీసినా అవే. లైట్ టేబుల్, లూప్ మాకు అన్నం పెట్టిన సామాన్లు, రోజూ వందల స్లైడ్లలో ఒకటి ఏరి మిగతావి పక్కన పడేసేవాళ్లం. ఏరడానికి వీల్లేని గుట్ట అది.

ఇంత చేసి, ఇవన్నీ అభ్యాసాలే, ఏదీ సరిగ్గా కుదరలేదన్న ధోరణిలోనే జార్ చాలాసార్లు మాట్లాడాడు. ఆ మాట మర్యాదకు అన్నది కాదని నా నమ్మకం. కుదిరి ఉంటే ఆరేళ్లు చేసేవాడు కాదు.

నేను చేసి చూసింది

చదివి, పుస్తకాల్లో చూసి పాఠం చెబితే పిల్లలకు ఎక్కదు, నాకూ ఎక్కదు. 2022లో మా క్లాసులో 12 పెట్టెలు చేయించాం. ఫొటోలు నావే, 2000 తర్వాత కొన్నేళ్లపాటు పత్తి రైతుల ఆత్మహత్యల మీద తీసినవి. ఒక్కటి గట్టిగా చెప్పాలి, రైతు ఆత్మహత్య జాతి సంహారం కాదు, రెండిటినీ ఒకే గాటన కట్టడం ఇద్దరికీ అన్యాయం. నేను పరీక్షించాలనుకున్నది ఒకటే, చచ్చిపోయినవాళ్ల తాలూకు మనుషులను చూపించే పద్ధతి. ఆ నేరం నా చేతుల మీదుగా జరిగింది ఈ ఫొటోల్లోనే కాబట్టి వీటినే తీసుకున్నాను.

కోఠిలో లెడ్జర్లు కుట్టే బైండర్ దగ్గర నల్ల కాలికో గుడ్డతో పెట్టెలు చేయించాం, ఒక్కోటి 340 రూపాయలు పడింది. మూత మీద తెల్ల అక్షరాలు వేయడానికి పెళ్లి పత్రికలు వేసే స్క్రీన్ ప్రింటర్‌ను పట్టుకున్నాం. ఇక్కడ మొదటి దెబ్బ తగిలింది. ఇంగ్లిష్ అక్షరం చిన్న సైజులో గుడ్డ మీద నిలుస్తుంది, తెలుగు నిలవదు. 12 పాయింట్లలో వేస్తే వత్తులన్నీ ఇంకుతో పూడుకుపోయాయి, ‘స్త్రీ’ అన్న మాట తెల్ల మచ్చలా వచ్చింది. 18కి పెంచాం. పెంచితే రాత మూత దాటిపోతోంది. కాబట్టి కుదించాలి. కుదించడం మొదలుపెట్టాకే నేను రాసింది ఎంత చెత్తో కనబడింది.

మొదటి విడత రాత పాత పేపర్ క్యాప్షన్లలోంచి ఎత్తి వేశాను. ఒకటి ఇలా ఉంది: ‘అప్పుల ఊబిలో కూరుకుపోయి బలవన్మరణానికి పాల్పడిన భర్త చిత్రపటంతో కన్నీరుమున్నీరవుతున్న అభాగ్యురాలు’. మొదటి రోజు 28 మంది పిల్లలు పెట్టెల మధ్య తిరిగారు. నేను ఓ మూలన నిలబడి చూస్తున్నాను. ఒక్కో పెట్టె దగ్గర నాలుగైదు సెకన్లు, అంతే. ఫోన్‌తో పెట్టెల ఫొటో తీసుకున్నారు, బాగున్నాయి సార్ అన్నారు. నల్ల పెట్టె, తెల్ల అక్షరం, స్పాట్‌లైట్, చూడ్డానికి బాగానే ఉంటుంది మరి. నాకు ఆ మాట వింటే కడుపులో దేవినట్టయింది. పెట్టె మూసినంత మాత్రాన మర్యాద వచ్చేయదని అప్పుడు అర్థమైంది. మూసిన పెట్టె కూడా షోకు వస్తువు అయిపోగలదు.

రెండో విడతకు అదే ఫొటోకు రాత మార్చాను. మూత మీద పట్టేలా, ఉన్నది ఉన్నట్టు:

‘వరంగల్ జిల్లా. 2004 నవంబరు, మంగళవారం పొద్దున. గడప మీద కూర్చున్న ఆమెకు 31 ఏళ్లు. చేతిలో భర్త ఫొటో. దాన్ని గోడ మీంచి తీసి చేతికిచ్చింది ఫొటోగ్రాఫర్. పక్కన పురుగుల మందు డబ్బా. పెరట్లోంచి తెచ్చి అక్కడ పెట్టింది ఫొటోగ్రాఫర్. ఆమె కెమెరా వైపు చూడటం లేదు. లోపల ఏడుస్తున్న పాప వైపు చూస్తోంది.’

ఇది నిజం. ఇలాగే తీశాను. అప్పట్లో జిల్లా ఫొటోగ్రాఫర్లందరికీ అదే అలవాటు, భర్త ఫొటో చేతిలో లేకపోతే డెస్క్ నుంచి ఫోన్ వచ్చేది. అలవాటు అంటే తప్పు పలచబడదు. ఆమె భర్త పోయి అప్పటికి రెండు రోజులే.

ఈసారి పిల్లలు ఆగారు. ఒకమ్మాయి ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుని రెండుసార్లు చదివింది, తర్వాత నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇంకో అబ్బాయి మూత అంచు మీద వేలు పెట్టి తీసేశాడు. సాయంత్రం అడిగితే, “తెరిస్తే ఆమెను నేను కూడా మళ్లీ కూర్చోబెట్టినట్టు అనిపించింది సార్” అన్నాడు. చివర్లో అందరూ వెళ్తుండగా ఒకరు అడిగారు, “ఆమె పేరేంటి సార్?”

నా దగ్గర లేదు. పాత క్యాప్షన్‌లో భర్త పేరుంది, ఊరుంది, అప్పు ఎంతో ఉంది. ఆమె పేరు అడిగి రాసుకోలేదు. జార్ కళ్లు చూపించే ముందు పేరు చెబుతాడు, ఆ పేరునే పనికి పేరుగా పెట్టాడు. దాని బరువు నాకు ఆ ప్రశ్నతో తెలిసింది.

సెకన్ల పద్ధతి కూడా చేసి చూశాం, ప్రొజెక్టర్ మీద. 45 సెకన్ల రాతను తెలుగులో పెడితే క్లాసులో సగంమంది పూర్తి చేయలేకపోయారు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. 70 సెకన్లకు పెంచితే ముందే చదివేసినవాళ్లు పక్కకు తిరిగారు, కళ్లు వచ్చి పోయిన ఆ క్షణం వాళ్లకు దక్కలేదు. మాటలు సగానికి కోసి 40 సెకన్లకు తెచ్చాక కుదిరింది. ఈ పద్ధతి తెలుగులో చేయాలనుకునేవాళ్లు ముందు చదివే వేగం కొలుచుకోండి, వేరే భాష లెక్కలు ఇక్కడ పనిచేయవు.

రువాండా వాళ్లు ఏం చేశారు

జార్ దగ్గరే ఆగిపోతే, ‘చూపించకపోవడమే గొప్ప’ అన్న పాఠం నేర్చుకుని ఇంటికి వెళ్లిపోతాం. నా క్లాసు మొదట్లో అలాగే ముగిసేది. అది తప్పు.

రువాండాలో బతికినవాళ్లు చాలాచోట్ల దాచలేదు, చూపించారు. ఎన్టరామా చర్చి ఇప్పుడు స్మారకం. పుర్రెలు, ఎముకలు అరల్లో ఉంటాయి, చనిపోయినవాళ్ల బట్టలు లోపలే ఉంచారు. మురాంబిలో టెక్నికల్ స్కూల్ గదుల్లో సున్నం పూసి కాపాడిన శవాలనే ఉంచారు, బల్లల మీద, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నవి కూడా. తట్టుకోలేం. కానీ అక్కడ చూపించేది ఎవరు? ఆ దేశంవాళ్లే. జరగలేదని బుకాయించేవాళ్లకు సమాధానంగా, తమ నేల మీద, తమ చనిపోయినవాళ్లను. అందుకు ఒప్పుకోని బంధువులు కూడా ఉన్నారు, ఇక మట్టిలో పెట్టేయండి అని అడిగేవాళ్లు. ఆ తగువు వాళ్లది, తేల్చుకోవాల్సింది వాళ్లు.

2004లో తెరిచిన కిగాలీ స్మారకంలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ రెండున్నర లక్షల మందికి పైగా సమాధి చేశారు. లోపల పిల్లల గది ఒకటి ఉంది. ఇళ్లలోంచి తెచ్చి ఇచ్చిన ఫొటోలు పెద్దవి చేసి పెట్టారు, నవ్వుతున్న పిల్లలవి. కింద పేరు, వయసు, ఇష్టమైన తిండి ఏంటి, ఎవరితో ఆడుకునేది, చివరికి ఎలా చంపారు. చిప్స్ ఇష్టం, పాలు ఇష్టం అని చదివి చివరి వాక్యం చేరేసరికి ఏ శవం ఫొటో చేయలేని పని అది చేస్తుంది. జార్ రాతలో ఉన్న పొడిమాటే ఇక్కడా ఉంది. తేడా ఏంటంటే ఆ ఫొటోలు ఇంటివాళ్లు ఏరి ఇచ్చినవి, బయటివాడు తీసినవి కావు.

ఇది తెలిశాక నాకు చర్చి గుమ్మంలో కూర్చున్న మనిషి మళ్లీ గుర్తొచ్చాడు. నన్ను తీయి, నా వాళ్లకు చూపించాలి అని అతను అడిగాడు. జార్ ఆ మాట మూత మీద నిజాయితీగా రాశాడు, ఫొటో మాత్రం పెట్టెలో పెట్టి మూశాడు. మ్యూజియంకు వచ్చేవాడి కంటి ఆకలి నుంచి కాపాడటానికి మూశాడు, ఆ లెక్క నాకు అర్థమవుతుంది, సగం ఒప్పుకుంటాను కూడా. కానీ అడిగిన మనిషి కోరిక? చూపించాలనుకున్నవాడి ఫొటోకూ, దిక్కులేక కెమెరాకు చిక్కినవాళ్ల ఫొటోకూ ఒకే నల్ల గుడ్డ, ఒకే మూత. ఈ పనిలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదొక్కటే. ఎవరి ఫొటో అయితే వాళ్లను అడగకుండా తెరవడం ఎంత తప్పో, అడగకుండా మూయడమూ అంతే తప్పు కావచ్చు.

నేను మాత్రం ఎవరిని అడిగి మూశాను? ఆ 12 మందిలో ఒక్కరినీ అడగలేదు.

వెతుక్కుంటూ వెళ్తే

ఊరు పేరు క్యాప్షన్‌లో ఉంది కాబట్టి ఇల్లు దొరికింది. పద్దెనిమిదేళ్ల తర్వాత. అప్పటి పెంకుటిల్లు లేదు, స్లాబు వేశారు, గడప మాత్రం అదే దిక్కున ఉంది. నేనెవరో ఆమెకు గుర్తు లేదు. ఏం తీశానో, ఎలా తీశానో మొత్తం చెప్పాను, డబ్బా సంగతి కూడా. తిడుతుందనుకుని వెళ్లాను. ఆమె లేచి లోపలికి వెళ్లి పాలిథిన్ కవర్ తెచ్చింది. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, వాటి మధ్యలో నాలుగు మడతలు పెట్టిన పేపర్ ముక్క. నా ఫొటో. మడతల దగ్గర ఆమె ముఖం చెరిగిపోయింది.

“గిది పేపర్ల పడ్డంకనే ఆర్డీవో ఆఫీసుల మా ఫైలు కదిలింది సారూ. నాలుగు జిరాక్సులు తీసి పెట్టినం” అంది. అప్పట్లో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు జీవో 421 కింద లక్షన్నర సాయం ఉండేది, దానికి తిరిగిన తిరుగుడు చెప్పుకొచ్చింది. నేను ఏళ్ల తరబడి సిగ్గుపడ్డ ఫొటోను ఆమె పాసు పుస్తకంతో కలిపి దాచుకుంది. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

ఎగ్జిబిషన్‌లో మూత వేసి పెట్టామని చెప్పి, మీ ముఖం కనబడకుండా చూసుకున్నాం అన్నాను. ఆమెకు నచ్చలేదు.

“మొఖం దాచుడెందుకు? నేనేమన్న దొంగతనం జేసిన్నా?” అంది. కొంచెంసేపు ఆగి, “ఆ డబ్బా తీసెయ్యి. గది నువ్వు పెట్టిందే గద. ఆయనను ఉండనియ్యి. నన్ను ఉండనియ్యి” అంది. తర్వాత, “నాకొక్కటి ఇయ్యరాదు? ఇన్నేండ్ల సంది గీ ముక్కనే ఉన్నది.”

డబ్బాను కంప్యూటర్‌లో చెరిపేయడం నా వల్ల కాదు, చేయను కూడా. ఇంటికొచ్చి పాత నెగటివ్‌లు తీశాను. ఆ రోజు ఆమెవి 11 ఫ్రేములు ఉన్నాయి. నాకు పేపర్లో పడ్డదే గుర్తుంది, మిగతావి మర్చిపోయాను. నేను సామాన్లు సర్దకముందు తీసినవి నాలుగున్నాయి. అన్నిటికీ కాంటాక్ట్ షీట్, అంటే ఫ్రేములన్నీ చిన్నగా పడే ఒకే ప్రింటు, వేసి, పాత లూప్ కూడా జేబులో వేసుకుని మళ్లీ వెళ్లాను. గడప మీదే కూర్చుని ఒక కన్ను మూసి ఒక్కో ఫ్రేమూ చూసింది. తొందరేం లేదు ఆమెకు. ఆయన ఫొటో గోడ మీదే ఉండి, ఆమె పక్కకు తిరిగి, లోపలి నుంచి పాప గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చిన ఫ్రేమ్ మీద వేలు పెట్టింది. అందులో ఆమె ఏడవడం లేదు. అసలు నన్ను పట్టించుకోలేదు.

ఆ పెట్టెకు ఇప్పుడు మూత పక్కన పెట్టి ఉంటుంది. మూత మీద ఆమె పేరు ఉంది, ఇంటిపేరుతో సహా, ఆమె రాయమన్నట్టే. ఇక్కడ రాయను, దానికి ఆమెను అడగలేదు కాబట్టి. మిగతా 11 మందిలో ఇప్పటిదాకా నలుగురు దొరికారు. ఇద్దరు మూసే ఉంచమన్నారు, ఒకరు పెట్టెలోంచి తీసి ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాను. నాలుగో ఆమె ఆలోచించుకుని చెప్తానంది.

ప్రింట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ పాప కూడా ఉంది, హన్మకొండలో ఏదో ఉద్యోగం. ఇద్దరూ ఫొటోను వెలుతురులోకి పట్టుకుని చూశారు. భర్త గురించి గానీ, ఆ రోజు గురించి గానీ ఆమె ఏమీ అనలేదు. పాప వేసుకున్న గౌను మీద వేలు పెట్టి, “గీ గౌను మా అన్న కాజీపేట్ల కొనుక్కొచ్చిండు, పసుపుది” అంది. ఫొటో బ్లాక్ అండ్ వైట్.